బిడ్డ మనసు బాగలేకుంటే ఎవరి దగ్గరికి పోవాలి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో పిల్లల, కుటుంబ సైకాలజిస్టు చేసిన ప్రసంగం)



నన్ను పరిచయం చేస్తూ "డాక్టరమ్మ" అన్నారు. నేను మందులు రాసే డాక్టరును కాను, సైకాలజిస్టును. ఈ తేడా తెలియక సంఘంలో అప్పు తీసుకుని, ఎవరెవరికో కట్టి వచ్చిన తల్లులను చూస్తుంటాను. అందుకే ఈ రోజు మా చదువు సంగతి చెప్తాను. ఎవరు ఏం చదివారో తెలిస్తే ఎవరిని ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

ఇంటర్ తర్వాత మూడేళ్లు డిగ్రీ, రెండేళ్లు సైకాలజీలో ఎం.ఏ. చదివాను. అంతవరకే అయితే కాలేజీలో పాఠం చెప్పొచ్చు గానీ, బిడ్డకు ఫలానా సమస్య ఉందని తేల్చడానికి చాలదు. ఆపైన క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఆస్పత్రిలోనే, పెద్దవాళ్ల కళ్లెదుట రోగులతో మాట్లాడుతూ, పరీక్షలు చేస్తూ నేర్చుకోవాలి. తర్వాత భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐలో పేరు నమోదు చేసి నంబరు ఇస్తారు. 1992 చట్టం ప్రకారం ఏర్పడిన మండలి అది. కోర్సుల పేర్లు ఇప్పుడు మారుతున్నాయి. మీరు మాత్రం ఆ నంబరు అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే వాళ్ల దగ్గర డబ్బు కట్టొద్దు.

సైకియాట్రిస్టు వేరు. ఆయన ఎంబీబీఎస్ చేసి, ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. మూర్ఛ, నిద్ర లేకపోవడం, చనిపోతానని మాట్లాడటం ఉంటే ముందు డాక్టరు దగ్గరికే పోవాలి.

మరి నేనేం చేస్తాను? మన ప్రాంతం సంగతే తీసుకోండి. వాన లేక చెనిక్కాయ పంట పోతుంది. అమ్మానాయన బెంగళూరుకు పనికి పోతారు. బిడ్డ అవ్వ దగ్గర ఉంటాడు. బడిలో మాట్లాడడు, రాత్రి పక్క తడుపుతాడు. "మొద్దు" అంటారు. అలాంటి బిడ్డ వస్తే ముందు అవ్వతో గంటసేపు మాట్లాడతాను. ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాటలొచ్చాయి, ఇది ఎప్పటి నుంచి? చెవులు, కళ్లు చూపించమంటాను. వినపడని బిడ్డను బుద్ధిమాంద్యం అనుకునే ప్రమాదం ఉంది కదా! బడి అయ్యవారితో మాట్లాడతాను. ఆ తర్వాతే పరీక్ష. పది నిమిషాల్లో చూసి పేరు పెట్టడం మా చదువులో లేదు. అమ్మానాయనతో వారానికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడించడం, పక్క తడిపినందుకు కొట్టకుండా ఉండటం, ఇవి కూడా వైద్యంలో భాగమే. తాయెత్తు కట్టించుకుంటే నేను వద్దనను. దానికోసం చూపించడం ఆపొద్దు.

ఇంతమంది సైకాలజిస్టులు పల్లెల్లో లేరు, నిజమే. ఈ కొరత గురించే 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు మన పక్కనున్న బళ్లారి జిల్లాలో పల్లె ఆస్పత్రుల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి చూశారు. దాన్ని ఆధారం చేసుకునే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. అంటే మొదట గుర్తుపట్టేది పల్లెలో ఉన్న మనమే.

లీడర్లు ఈ నాలుగు మాటలు గ్రామ సంఘం పుస్తకంలో రాసుకోండి:

1. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను అంగన్‌వాడీల్లో, బడుల్లో ఉచితంగా పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. బృందం వచ్చిన రోజు బిడ్డను తప్పక చూపించండి.

2. టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టే పని లేదు. బిడ్డను ఎవరైనా హింసిస్తుంటే 1098.

3. సదరం సర్టిఫికెట్ ప్రభుత్వ ఆస్పత్రి ద్వారానే వస్తుంది. ఇప్పిస్తామని డబ్బు అడిగితే నమ్మొద్దు.

4. బిడ్డ వైద్యానికి అప్పు మంజూరు చేసే ముందు అడగండి: ఆయన ఏం చదివారు, నంబరు ఉందా, ఎన్నిసార్లు రమ్మన్నారు, అనంతపురం పెద్దాసుపత్రిలో చూపించారా?

పొదుపు లెక్క ఒక్క రూపాయి తేడా వచ్చినా నిలదీసి అడిగే అక్కలు మీరు. బిడ్డ విషయంలోనూ అట్లే అడగండి. చదివినవాళ్లను ప్రశ్నించడం అమర్యాద కాదు.

సెలవు.