భీమాధనము – ప్రీపెయిడ్ కార్డు



ముప్పదియేండ్లకు పైగా బాలురకు సంస్కృతము బోధించిన నాకు ధనవ్యవహారములతో నేమి పనియని మీరడుగవచ్చును. నా పూర్వశిష్యుడొకడు రోడ్డుప్రమాదమున గతించెను. భీమాధనము అతని భార్య పేరనే వచ్చెను. కాని బ్యాంకు కార్డును, దాని రహస్యసంఖ్యయు మరిదిచేత నుండెను. బిడ్డకు బడిజీతము కట్టవలసిన ప్రతిసారియు ఆమె తన సొమ్మును తానే యాచింపవలసివచ్చెను. ఆనాటినుండి ఈ విషయమును విచారించుచున్నాను.

అమెరికావంటి దేశములందు కొన్ని భీమాసంస్థలు క్లెయిము సొమ్మును చెక్కుగా గాక, ముందుగా రొక్కము నింపిన కార్డుగా నిచ్చుచున్నవి. దీనినే ప్రీపెయిడ్ కార్డందురు. బ్యాంకుఖాతా లేనివారికిని, ఇల్లు కాలియో వరదలో మునిగియో వీధిని బడినవారికిని ఇది తక్షణోపకారి. చేతికందిన నాడే భోజనమునకును, బసకును చెల్లింపవచ్చును.

2005 ఆగష్టు నెలలో ఆ దేశమును కత్రినా తుపాను పీడించినపుడు, ఫేమా యను ప్రభుత్వసంస్థ నిరాశ్రయులకు 2,000 డాలర్ల కార్డులను సుమారు 11,000 పంచెను. అది భీమాధనము గాదు, సహాయధనము, అయినను పాఠమొక్కటియే. కట్టుబట్టలతో మిగిలినవారిని ఆ కార్డులాదుకొనెను. కాని కొలదిదినములకే పంపకము నిలిచిపోయెను. 2006లో ప్రభుత్వ లెక్కల తనిఖీశాఖ విచారింపగా, కొన్ని కార్డుల సొమ్ము అనావశ్యకములైన వస్తువులకు వ్యయమైనట్లు తేలెను.

మన దేశమున 2014లో జనధన యోజన వచ్చినపిమ్మట పేదలకును బ్యాంకుఖాతాలు కలిగినవి. రిజర్వుబ్యాంకు 2021 నియమములలో, పూర్తి గుర్తింపు పరిశీలన జరిగిన ప్రీపెయిడ్ కార్డున నిలువ 2,00,000 రూపాయలు మించరాదనియు, దానిపై వడ్డీ లేదనియు విధించెను. ప్రధానమంత్రి జీవనజ్యోతి భీమా మొత్తమును 2,00,000 రూపాయలే. అనగా ఒక పేదకుటుంబపు సర్వస్వము ఒక్క కార్డులో నిముడగలదు; అది వడ్డీలేక పడియుండును, పరహస్తగతమును గావచ్చును.

యోగక్షేమములని పెద్దలు రెండింటిని జతచేసి చెప్పుదురు. లేనిది లభించుట యోగము. లభించినది నిలుచుట క్షేమము. కార్డు యోగమును శీఘ్రముగా గూర్చును గాని, క్షేమమును గూర్పజాలదు. కావున అంత్యక్రియలకును, మొదటి నెల గ్రాసమునకును వలయు స్వల్పభాగమును కార్డుగా నిచ్చుట మేలు. శేషమంతయు నామినీ సొంత ఖాతాకే చేరవలెను.

సోదరులారా! నేడే యింటికేగి పాలసీకాగితమును మీ యింటివారికి జూపుడు. నామినీ పేరు సరిచూడుడు. సోదరీమణులారా! రహస్యసంఖ్యను అన్నకుగాని మరిదికిగాని చెప్పకుడు. ఈ కాగితములను చదివి బోధించుటకు మన సంఘమువారు ప్రతిగ్రామమున విద్యావంతులైన యువతీయువకులను నియమింపవలెనని ప్రార్థించుచున్నాను. అట్టివారొక్కరున్నచో నా శిష్యుని భార్యకు ఆ యాచన తప్పియుండెడిది.