పాల కేంద్రంలో లెక్క ఎవరిది?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాల సంఘాల సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



మన వైపు కొత్త పరిశ్రమ అనగానే అందరూ పెనుకొండ వద్ద ఎర్రమంచిలో 2019 నుండి కార్లు తయారు చేస్తున్న కియా ఫ్యాక్టరీనే చూపిస్తారు. కాని మీ పాల క్యాను దాకా వచ్చే కొత్త పరిశ్రమ వేరే ఉన్నది. బెంగుళూరులో కొందరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు 2011లో స్టెల్‌యాప్స్ అనే సంస్థ పెట్టారు. కేంద్రంలో పోసిన పాల తూకం, వెన్న శాతం అప్పటికప్పుడే దూరాన ఉన్న కంప్యూటరుకు చేర్చడం వారి పని. అమెరికాలో ఇంటెల్ కంపెనీ ఉద్యోగం వదలి వచ్చిన ఇందుకూరి కిశోర్ గారు హైదరాబాదులో సిద్స్ ఫార్మ్ పేరుతో ఇళ్ళకు పాలు చేరవేస్తున్నారు. ఇటువంటి వాటినే స్టార్టప్‌లంటున్నారు.

కొత్త విద్య మనకు కొత్త కాదు. ఎనుము పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అంటుండగా, ఆనంద్‌లో దలాయా గారు చేసి చూపారు. 1955లో అక్కడ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. యునిసెఫ్, న్యూజిలాండ్ సాయం చేశాయి గాని, యజమానులు పాలు పోసే రైతులే. స్టార్టప్‌లో డబ్బు పెట్టినవారు లాభం అడుగుతారు, అది తప్పు కాదు. సహకార సంఘంలో మిగులు, పోసిన పాలను బట్టి సభ్యునికే బోనస్‌గా వస్తుంది.

ఇక యంత్రం మాట. గెర్బర్ పద్ధతిలో ఆసిడ్ పోసి, గొట్టాలు తిప్పి చూచేసరికి పోసినవారు ఇల్లు చేరేవారు. ఇప్పటి యంత్రం నిమిషంలో అంకె చూపుతుంది. మంచిదే. అయితే లోపల పాలు పేరుకొన్నా, ఆవు పాలకు సరిచేసిన లెక్కలో ఎనుము పాలు పెట్టినా ఆ అంకె తప్పుతుంది. 0.2 తేడా ఎంతలే అనుకోకండి. పూటకు 5 కిలోలు పోసే ఇంటికి అది 10 గ్రాముల కొవ్వు. రెండు పూటలా కలిపి నెలకు 600 గ్రాములు!

ఎనుము కాలికి కట్టి, అది ఎదకు వచ్చిందీ లేనిదీ చెప్పే పరికరం కూడా వచ్చింది. ఎనుముల్లో మూగ ఎద ఎక్కువ, ఒకసారి తప్పితే మరి 21 రోజులు ఆగాలి గనుక పెద్ద ఫారాలకు అది పనికివస్తుంది. రెండు ఎనుములున్న ఇంట్లో ఇల్లాలి కన్నే చాలునని నా అభిప్రాయం.

యంత్రం అమ్మవచ్చిన వారిని ధర ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. ఏ ఇంటి పాలు ఎన్ని, ఏ నెలలో తగ్గుతాయి, చేతికి ఎంత డబ్బు వస్తుంది అన్నదంతా వారి కంప్యూటరులో నిలిచి ఉంటుంది. ఆ లెక్కల ఆధారంగా అప్పులు, బీమా ఇప్పించడమూ ఇప్పుడొక వ్యాపారమే. అవసరానికి అప్పు దొరకడం మేలే. కాని సభ్యుడు ఒప్పుకోనిదే అతని లెక్క బయటివారికి ఇవ్వరాదు, సంఘం రేపు యంత్రం మార్చుకొంటే పాత లెక్కంతా తిరిగి సంఘానికి అప్పగించాలి. ఈ రెండు మాటలూ ఒప్పంద పత్రంలో వ్రాయించిన తరువాతనే సంతకం చేయండి.

కార్యదర్శులకు ఒక మనవి. చీటీ తెలుగులో ఇవ్వండి. పదిహేను రోజులకొకసారి సభ్యుల ఎదుటనే అవే పాలను యంత్రంలోనూ, గెర్బర్‌లోనూ చూపించండి. గెర్బర్ సామాను అటకమీద పెట్టిన సంఘాలు ఈ వారంలోనే దించి, కడిగి ఉంచవలెను.