ముందు వరుసలో ఎవరిని నిలబెట్టాం?



ఈసారి యువతతో అందం గురించి మాట్లాడాలని మన సంఘం వాళ్లు ఫోన్ చేసినప్పుడు మాకు నవ్వొచ్చింది. మేము హాస్టల్ వార్డెన్లం. మా నోట ఎప్పుడూ వచ్చేవి బియ్యం స్టాకు, గుడ్లు, పిల్లల జ్వరాలు, హాజరు పట్టీ. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఆడపిల్లల హాస్టల్లో పొద్దున ఆరింటికి జరిగే అన్నిటికన్నా పెద్ద గొడవ అద్దం కోసమని. వరండాలో ఒకటే అద్దం, ఎనభై మంది పిల్లలు. అయితే ఇది మాకు సంబంధించిన విషయమే అనుకుని ఒప్పుకున్నాం.

ఈ మాదాపూర్‌లో ఈ మాట ఎత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2025 మే నెలలో 72వ ప్రపంచ సుందరి పోటీలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. 10వ తేదీన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో మొదలై, 31న ఇక్కడికి దగ్గర్లో ఉన్న హైటెక్స్‌లో ముగిశాయి. వందకు పైగా దేశాల అమ్మాయిలు వచ్చారు. థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీ కిరీటం గెలిచింది. మా పిల్లలు అప్పుడు వేసవి సెలవులకు తండాల్లో ఉన్నారు. అంతా ఫోన్లలో చూశారు. జూన్‌లో హాస్టల్ తెరవగానే మా మీద పడ్డారు.

"మేడమ్, అందానికి మార్కులు ఎట్లేస్తరు?"

మాకు తెలిసింది చెప్పాం. ముఖం ఒక్కటే చూడరు, మాట చూస్తారు, కళ చూస్తారు, జనానికి చేసిన పని చూస్తారు అన్నాం. ఆ గెలిచిన అమ్మాయికి పదహారేళ్ల వయసులో రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీశారని, అందుకే ఆమె రొమ్ము క్యాన్సర్ గురించి ఆడవాళ్లకు అవగాహన కల్పించే పని పెట్టుకుందని చెప్పాం. పిల్లలు శ్రద్ధగా విన్నారు. అప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి లేచింది. "మొదటి రోజు స్టేజీ మీద మన లంబాడీ డాన్స్ కూడా ఉండె గద మేడమ్. ఆ అక్కలు పోటీల ఎందుకు లేరు?"

"దేశానికి ఒక్కరే ఉంటారమ్మా" అన్నాం. ఆ జవాబులో తప్పు లేదు. ఆ రోజు గుస్సాడీ, కొమ్ము కోయ, లంబాడీ, ఒగ్గుడోలు, పేరిణి అన్నీ స్వాగతానికి వచ్చాయి, పోటీ వేరు. అయినా ఆ పిల్ల మా ముఖం చూసిన తీరుకు మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాం. ఇది మా తప్పు గురించిన మాట. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ల కింద మా హాస్టల్‌కు ఒక పెద్ద అధికారి వస్తున్నారని కబురు వచ్చింది. గదులు కడిగించాం, ముగ్గులు వేయించాం, స్వాగతం పాటకు పిల్లలను వరుసలు కట్టించాం. బొకేలు పట్టుకుని ముందు నిలబడే నలుగురిని మేమే ఎంచాం. ఎలా ఎంచామని అప్పుడెవరైనా అడిగితే "చలాకీగా ఉన్నవాళ్లను" అని చెప్పేవాళ్లం. అసలు సంగతి ఆ నలుగురూ తెల్లగా ఉన్నారు. పాట నేర్పింది, శ్రుతి అందుకునేది, గోర్ బోలి పాటలు గుక్క తిప్పుకోకుండా పాడేది పదో తరగతి పిల్ల ఒకతి. నల్లని పిల్ల. ఆమెను మూడో వరుసకు పంపాం. మేమూ ఆ రంగే. డీఎడ్‌లో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివి, పరీక్ష రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాం.

ఆ పిల్ల ఏమీ అనలేదు. నెల తర్వాత బుగ్గలు ఎర్రగా కమిలి కనిపించాయి. పెట్టె తెరిపిస్తే చిన్న ట్యూబు. మందుల షాపులో ఎవరో ఇచ్చిన క్రీము. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అందులో స్టెరాయిడ్ ఉందన్నారు. రాసిన కొత్తలో ముఖం తేటగా కనిపిస్తుందట, పోనుపోను చర్మం పలచబడి, మొటిమలు, ఎరుపు, కొందరికి ముఖం మీద వెంట్రుకలు వస్తాయట. మానేయగానే మంట. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. అయినా ఊళ్లలో అడిగితే ఇస్తున్నారు. 1975 నుంచి మన దేశంలో అమ్ముడవుతున్న ఒక పేరున్న క్రీము 2020లో తన పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసింది. మంచిదే. మా వరుసల్లోంచి ఆ మాట తీసేయడం మాకు ఇంకా కష్టంగానే ఉంది.

ఆ పిల్ల కోలుకుంది. ఇంజనీరింగ్ చదివింది. ఇప్పుడు ఇక్కడే, ఈ ఐటీ కారిడార్‌లోనే ఉద్యోగం. ఇదంతా ఆమె ఒప్పుకున్నాకే చెబుతున్నాం, పేరు మాత్రం చెప్పం. కిందటేడు ఒక రాత్రి ఫోన్ చేసింది. ఆఫీసులో ఎత్నిక్ డే అట. మన డ్రెస్ వేసుకుందామంటే ఇంట్లో అవ్వది మిగల్లేదు. నాటకాల బట్టలు కిరాయికిచ్చే షాపులో తీసుకుంది. మెషిన్ కుట్టు, ప్లాస్టిక్ అద్దాలు. ఆఫీసంతా ఆమె చుట్టూ చేరి ఫొటోలు దిగారు, ప్రతి ఫొటోలో ఆమెనే ముందు నిలబెట్టారు, బహుమతి కూడా వచ్చింది. "మరి ఏడుస్తున్నావెందుకమ్మా?" అన్నాం. "మనిషిని నేనే కద మేడమ్. నిన్న ఇదే లిఫ్టుల ఎక్కిన, ఎవ్వరు నా దిక్కు చూడలే. అందం నాదా, కిరాయి బట్టలదా?" అంది. ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు.

వాళ్ల అవ్వ బట్టలు ఏమయ్యాయో మేం అడగలేదు. మా ఇంట్లోవి ఏమయ్యాయో మాకు తెలుసు కాబట్టి. మాకు టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చినప్పుడు ఇనప పెట్టె, పుస్తకాలు, ఫీజు, వీటికి డబ్బు లేదు. పాత బట్టలు కొనేవాడు తండాకు వచ్చాడు. మా యాడి అవ్వ కాంచళిని, ఫేటియాను మూడు వందలకు ఇచ్చేసింది. మా అవ్వ పెళ్లికి ముందు రెండేళ్లు కుట్టిన గుడ్డ అది. గవ్వలు, నాణేలు, వేలిగోరంత అద్దాలు. ఒక్కో అద్దం చుట్టూ దారం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతూ మేం చిన్నప్పుడు నిద్రపోయేవాళ్లం. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే మాదాపూర్‌లో ఒక షాపులో హ్యాండ్‌బ్యాగు మీద అతికించిన పాత ముక్క చూశాం. అదే ఎరుపు, అదే కుట్టు. ధర మూడు వేల ఎనిమిది వందలు. అది మా అవ్వదే అని చెప్పలేం. చాలాసేపు చేత్తో తడుముతూ నిలబడితే, "తీసుకుంటారా మేడమ్?" అని అడిగారు.

తండాలో దాన్ని పాతగుడ్డ అన్నాం. షాపులో కళాఖండం అన్నారు. రెండు చోట్లా గుడ్డ ఒకటే. పేరు పెట్టింది మాత్రం దాన్ని కుట్టినామె కాదు. అందం అంటే ఏమిటో మాకు చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయేది ఇక్కడే అనిపిస్తుంది. కొనేవాడు, మార్కులు వేసేవాడు, వచ్చే అధికారి, ఎదురుచూసే వార్డెన్, వీళ్ల కళ్లతోనే మనల్ని మనం చూసుకోవడం ఎప్పుడో అలవాటైపోయింది. కర్ణాటకలోని సండూరులో మన లంబాణీ ఆడవాళ్లు కొంత వేరుగా చేశారు. వాళ్ల కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు వాళ్లు చేసిన 1,755 పనులను ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డుకెక్కింది. రికార్డు సంగతి అలా ఉంచండి. అక్కడ కుట్టినవాళ్లు బతికున్నారు, ధర అడిగితే వాళ్లే చెబుతారు.

అలాగని పాతదంతా బంగారమని చెప్పడానికి మేం రాలేదు. మా నాన్న పోయిన రోజున మా యాడి జుట్టుకు వేలాడే ఘూగ్రిని, మోచేతి పైన బళియాను పెద్దవాళ్లే తీయించారు. మనిషి అదే, ముఖం అదే. తర్వాత తీజ్‌కు పిల్లలు గోధుమ మొలకల బుట్టలు పట్టుకుని ఆడుతుంటే ఆమె దూరంగా గోడకు ఆనుకుని కూర్చునేది. అప్పుడు ఆమెను వెనక వరుసకు పంపింది ఏ పట్నమూ కాదు, మన తండానే. దీని గురించి మన సంఘంలో మాట్లాడేవాళ్లు తక్కువ. మీరు మాట్లాడాలి.

కిందటి డిసెంబరులో పిల్లలను శిల్పారామం చూపించడానికి తీసుకొచ్చాం. మెట్రో అంటే వాళ్లకు పిచ్చి. రాయదుర్గం దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. కిటికీలోంచి ఆ అద్దాల మేడలు చూసి, ఆ ఏడో తరగతి పిల్లే, "మన కాంచళి లెక్కనే ఉన్నయ్ మేడమ్" అంది. అందరూ నవ్వారు. మాకు మా నాన్న గుర్తొచ్చాడు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ కాలంలో మా తండా నుంచి మేస్త్రీ వెంట వచ్చి మాదాపూర్ రాళ్లల్లో పనిచేసినవాళ్లలో మా నాన్న, యాడి ఉన్నారు. ఆమె ఫేటియా, టుక్రి వేసుకునే తలమీద తట్ట మోసింది. అప్పటి ఫొటో ఒక్కటీ లేదు. పిల్లలకు మెట్రోలోనే ఈ మాట చెప్పాం. ఒకరిద్దరు కిటికీ దగ్గరికి జరిగి మళ్లీ చూశారు.

ఇప్పుడు ఆదివారాల్లో తండా నుంచి ఇద్దరు అవ్వలు హాస్టల్‌కు వస్తున్నారు. అద్దం కుట్టడం నేర్పుతారు. చేతులు వణుకుతాయి, సూదిలో దారం పిల్లలు ఎక్కించి ఇస్తారు. మీలో ఎవరి ఇంట్లోనైనా పాత ముక్క మిగిలి ఉంటే అమ్మకండి, కనీసం కుట్టినామె పేరు రాసి పెట్టండి. మా యాడి కూడా వస్తోంది. ఘూగ్రి లేదు, పిల్లలు మాత్రం ఆమె పక్కన కూర్చోవడానికి కొట్టుకుంటున్నారు.

వరుసల సంగతి చెప్పి ముగిస్తాం. ఈ ఏడాది ఆగస్టు 15కు ఎత్తు ప్రకారమే నిలబెట్టాం, పొట్టివాళ్లు ముందు. పాట ఎత్తుకున్న పిల్లను మాత్రం మధ్యలోకి తెచ్చాం. జెండా వందనానికి అయిదు నిమిషాలుందనగా చూస్తే, మొదటి వరుసలో మూడో తరగతి చిన్నది యూనిఫాం మీద వాళ్ల అవ్వ ఘూగ్రి కట్టుకుని నిలబడి ఉంది. అది పెళ్లైనవాళ్లు పెట్టుకునేది, పైగా యూనిఫాంకు నిబంధన ఉంది. తీసేయమని చెప్పడానికి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చేశాం.