నంది కొండ మెట్ల దారి

(మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నంది కొండను గూర్చి మాటలాడుటకు మాకు అనుమతి లభించినది. ఆ కొండను ఎరుగనివారు ఈ సభలో ఎవ్వరును లేరు. మనలో పెక్కుమంది పెండ్లి అయిన మొదటి ఏట అచ్చట దంపతులుగా ఫోటో తీయించుకొన్నవారే. అట్టి కొండను గూర్చి క్రొత్తగా చెప్పునదేమున్నది అని పెద్దలు అనుకొనవచ్చును. చెప్పవలసి వచ్చిన కారణము మొదట మనవి చేసెదము.

గత సంక్రాంతి దినములలో మన సంఘ కుటుంబములలోని అమ్మాయి యొకతె కెనడా దేశమునుండి వచ్చినది. ఒట్టావా నగరమున ఆమెకు ఉద్యోగము. ఒక సాయంకాలము కార్యవర్గమువారము ఆమెను పిలిచి, అచ్చటి విశేషములు చెప్పుమంటిమి. ఆ నగరమునకు సమీపమున గాటినో పార్కు అను కొండల వనము కలదట. శీతకాలమున అది యంతయు మంచు. ఆ మంచుమీద సుమారు 200 కిలోమీటర్ల పొడవున దారులు తీర్చి, ఒక్కొక్క దారికి ఒక్కొక్క అంకె వేసియున్నారు. సులభమైన దారికి ఆకుపచ్చ గుర్తు, నడితరమునకు నీలి గుర్తు, కఠినమైనదానికి నల్ల గుర్తు. జనులు సన్నని పొడుగుపాటి పలకలను పాదములకు తగిలించుకొని, రెండు చేతుల కర్రలూని, ఎక్కుచు దిగుచు గంటల తరబడి ఆ దారులను పరిశోధింతురట. క్రాస్‌కంట్రీ స్కీయింగ్ అని దానికి పేరు. నడుమనడుమ కట్టెల పొయ్యి గల గుడిసెలు ఉండును. అచ్చట చలి కాచుకొని, తెచ్చుకొన్నది తిని, మరల బయలుదేరుదురు. మన అమ్మాయి మొదటి ఏట పది అడుగులకొకసారి పడినదట. ఇప్పుడు ఆదివారము వచ్చినచో ఆమె ఇంట నుండదు.

మేమందరము ఆశ్చర్యముతో వింటిమి. తుదకు ఆమె, "మామయ్యా, రేపు నంది కొండకు నడచి పోవలెనని యున్నది. మెట్ల దారి ఎక్కడ మొదలగును?" అని అడిగినది.

అచ్చట కూర్చున్నవారము అయిదుగురము. ఒక్కొక్కరు ఆ కొండకు ఇరువది, ముప్పది పర్యాయములు పోయినవారమే. ఒక్కరికిని తెలియదు. ఎల్లరము మోటారులో పోయి మోటారులో దిగినవారము. "ఆ వైపున ఏవో మెట్లుండవలెనమ్మా" అని ఒకరు గోడ వైపు చేయి చూపిరి. మంచుదేశపు కొండలో ఏ అంకె దారి ఎటు పోవునో మన పిల్ల చెప్పగలిగినది. తాతల నాటినుండి ఈ నగరమున కాపురమున్న మేము నలుబది మైళ్ల దూరములోని కొండకు దారి చెప్పలేకపోతిమి. ఆ రాత్రి ఇంటికి పోవునప్పుడు మాకు సిగ్గు కలిగినదని దాచక చెప్పుచున్నాము.

మాఘమాసమున ఒక ఆదివారము ఇరువదిముగ్గురము బయలుదేరితిమి. అందరికంటె పెద్దవారికి 68 ఏండ్లు, చిన్నవానికి 9 ఏండ్లు. కోడి కూయకముందే బాడుగ బస్సు నగరము దాటినది. మొదట నంది గ్రామమున దిగి భోగనందీశ్వరుని దర్శించితిమి. తొమ్మిదవ శతాబ్దినుండి శాసనములు గల ఆలయమది. అచ్చటి అరుణాచలేశ్వరుడు బాల్యమునకు, భోగనందీశ్వరుడు యౌవనమునకు, కొండపైనున్న యోగనందీశ్వరుడు వైరాగ్యమునకు గుర్తులని చెప్పుదురు. భోగము క్రింద, యోగము పైన, నడుమ వేయింటికి మించిన మెట్లు. కారులో పోవువారికి ఈ నడిమి భాగము దొరకదు. ఇది మేము వేళాకోళమునకు అన్నమాట, శాస్త్రము కాదు.

సుల్తాన్‌పేట వైపునుండి మెట్లు మొదలగును. మొదటి రెండువందల మెట్లు యువకులు పరుగున ఎక్కిరి. తరువాత వారును మాతోపాటే కూర్చుండిరి. ఆ మెట్లు ఇంటి మెట్లవలె సమముగా నుండవు. ఒకటి జానెడు, ఒకటి మూరెడు. పాదములు పడిపడి నడుమ అరిగి నునుపు తేలినవి. కొన్నిచోట్ల చెట్ల వేళ్లు రాతిని ఎత్తివేసినవి. పగలెల్ల అంగడిలో కూర్చుండు మావంటివారికి మోకాళ్లున్నవన్న సంగతి అచ్చటనే తెలిసినది. అయినను దారి చల్లనిది. పొదలలో పక్షుల కలకలము తప్ప మరియొక శబ్దము లేదు. నీలగిరులలో నుండు అడవి పావురము ఈ కొండపైనను కనబడునని పక్షులను ఎరిగిన మన యువకుడొకడు చెప్పెను. ఆనాడు దాని కూత మాత్రము వినబడినది.

కోట వాకిలి వద్ద పిల్లలు ఆగిరి. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సేనలు మూడు వారములు ముట్టడించి టిప్పు సుల్తాను నుండి పట్టుకొన్న కోట ఇది. పుస్తకములో ఒక వాక్యముగా చదివినప్పుడు మాకును అది అర్థము కాలేదు. ఆ వాలున నిలిచి, ఫిరంగులను ఈ రాళ్లమీద ఎట్లు పైకి లాగిరా అని పిల్లలు తమలో తాము తర్కించుకొనుచుండగా అర్థమైనది.

సగము దారిలో ఒక అవ్వ గోనెపట్టా పరచి వేరుసెనగలు, దోసకాయలు అమ్ముచుండెను. మా మాటలు విని, "యా ఊరప్పా మీది?" అని అడిగినది. బెంగుళూరంటిమి. "బెంగుళూరోళ్లు తెలుగు మాట్లాడ్తా ఉండారే!" అని నవ్వినది. మీది ఏ ఊరవ్వా అని అడుగగా, "ఇదే. మా తాత, ముత్తాత అందరూ ఈ కొండ కిందోళ్లే" అన్నది. ఆమె ఇంటి మాట తెలుగు, సంత మాట కన్నడము. రెంటికిని నడుమ గోడ లేదు. కైవారము తాతయ్యగారి తెలుగు తత్వములు ఆమెకు ఎన్నియో నోటికి వచ్చును. మా బృందములోని తొమ్మిదేండ్ల బాలుడు ఇంటిలో తల్లిదండ్రులతో ఇంగ్లీషే మాటలాడును. సంఘ కార్యక్రమములలో తెలుగున పలుకరించినచో తల్లి కొంగు చాటునకు పోవును. వాడు ఆమె ముందు నిలిచి, "అవ్వా, ఇంకా ఎన్ని మెట్లున్నాయి?" అని తెలుగున అడిగినాడు. "లెక్క పెట్టుకుంటా పోతే జాస్తి ఐతాయి నాయనా" అని ఆమె వాని చేతిలో దోసకాయ ముక్క పెట్టినది. వాని తల్లి ఏమియు అనక మా వైపు చూచినది.

ఒక అపాయమును కూడ చెప్పవలెను. తొందరపాటుగల ఇద్దరు పిల్లలు మెట్లు విడిచి అడ్డదారి పట్టిరి. పైకి చేరి తలలు లెక్కించుకొనువరకు మాకు తెలియదు. ముప్పావు గంట సేపు మా ప్రాణములు మాలో లేవు. మేకలు కాయుచున్న ఒక అబ్బాయి వారి కేకలు విని, చేయిపట్టి దారికి తెచ్చినాడు. తప్పు పిల్లలది కాదు, మాది. అందరికంటె వెనుక నడచుటకు ఒక పెద్దమనిషిని మేము నియమింపలేదు. గాటినో దారులకు అంకెలు వేసిన కారణము అప్పుడు తెలిసివచ్చినది.

కొండ తల సముద్రమట్టమునకు 4,851 అడుగులు. అచ్చట కారులు బారులు తీరియుండెను. 1927లో మహాత్ముడు దేహారోగ్యము కొరకు విశ్రమించిన చోటున నేడు నిలుచుటకు తావు వెదకుకొనవలెను. కారులో వచ్చినవారిని మేము తప్పుపట్టము. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మరియొక మార్గమేది? కాని 2021 ఆగస్టు వర్షములకు కొండచరియ విరిగిపడి మోటారు దారి తెగినప్పుడు, మాసముల తరబడి ఆ కొండ మనకు లేకపోయిన సంగతి మరువరాదు.

పైన ఒక బండమీద పిల్లలను కూర్చుండబెట్టి నాలుగు దిక్కులు చూపితిమి. ఈ ప్రసంగము చేయవలెనని మాకు తోచినది అచ్చటనే. వాయవ్యమున చెన్నకేశవ కొండ. ఉత్తర పినాకిని అచ్చట పుట్టి, గౌరీబిదనూరు మీదుగా ఆంధ్రదేశమున ప్రవేశించి, 597 కిలోమీటర్లు నడచి, నెల్లూరు దాటి సముద్రమున కలియును. నెల్లూరివారు పెన్న అనునది దీనినే. ఈ కొండల చెంతనే పుట్టిన చిత్రావతి పుట్టపర్తి మీదుగా పోయి గండికోట సమీపమున పెన్నను చేరును. పాపఘ్ని కమలాపురము వద్ద చేరును. పాలారు కుప్పము సీమను దాటి తమిళదేశమునకు పోవును. దక్షిణ పినాకిని హోసూరు మీదుగా కడలూరికి పోవును. అర్కావతి మాత్రము మన నగరమును చుట్టి కావేరిలో కలియును. హెసరఘట్ట చెరువు, 1933లో కట్టిన తిప్పగొండనహళ్లి జలాశయము ఆ యేటి నీటివే. మన తాతలు ఈ నగరమున త్రాగినది ఈ కొండ నీరు. నేడు అర్కావతిలో చాలచోట్ల ఇసుకయే. పైగా మనము వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి హెబ్బాళ నాగవార పథకము ద్వారా చిక్కబళ్లాపురము చెరువులకు పంపుచున్నారు. కొండ మనకు ఇచ్చినదేమి, మనము తిరిగి పంపుచున్నదేమి అని ఒక బాలిక అడిగినది. మేము జవాబు చెప్పలేదు.

కొండ క్రింద ముద్దేనహళ్లి కలదు. 1861లో విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు అది. వారి పూర్వులు గిద్దలూరు సమీపమునగల మోక్షగుండమునుండి వచ్చినవారు. మనలను 'ఎప్పుడు వచ్చినారు' అని అడుగువారికి సర్టిఫికేట్లు వెదకుకొనుచుందుము. ఆ మెట్లమీద కూర్చున్న అవ్వను ఎవ్వరును ఆ ప్రశ్న అడుగరు. ఆమె భాషయు మన భాషయు ఒక్కటే.

కార్యవర్గమున ఆక్షేపణలు రాకపోలేదు. విద్యార్థి వేతనములు, ఉచిత తెలుగు తరగతులు ఉండగా కొండలెక్కుట సంఘమునకు పనియా అని ఒక పెద్దలు అడిగిరి. న్యాయమైన ప్రశ్న. అందువలన సంఘ నిధినుండి ఒక్క రూపాయియు దీనికి వాడము. బస్సు బాడుగ వచ్చినవారిదే. ఇట్టి పనులకు ట్రెక్కింగు కంపెనీలు కలవు కదా అని మరియొకరనిరి. కలవు. వారు కొండను చూపుదురు. అవ్వతో తెలుగున మాటలాడించుట వారి పని కాదు. ఆడపిల్లలను పంపుటకు భయమన్న తల్లులకు మా మనవి ఒక్కటే. మీరును రండు. మొదటి యాత్రలో మాకంటె ముందు పైకి చేరినవారు ఇద్దరు గృహిణులు.

మరియొక సంగతి చెప్పుటకు నోరు రాదు, చెప్పక తప్పదు. రెండేండ్ల క్రిందట మన సంఘపు వనభోజనము ముగిసిన చోట కాగితపు పళ్లెములు, ప్లాస్టిక్ గ్లాసులు విడిచి వచ్చితిమి. అప్పటి ఏర్పాట్లు మావే.

కాబట్టి ఈ ఏడు కార్తికము మొదలు మాఘమువరకు మాసమునకొక ఆదివారము నడకకు పోవుటకు నిశ్చయించితిమి. మొదటి నడక నంది మెట్లమీదనే. మెట్ల దారి ద్వారము తెరచు వేళను ముందుగా విచారించి తెలియజేసెదము. స్కందగిరికి అటవీశాఖవారి అనుమతి చీటీ లేనిదే పోము. రాత్రి పూట అసలే పోము. ముందొకరు, వెనుకనొకరు పెద్దలు నడతురు. వారి నడుమ తప్ప ఎవ్వరును నడువరాదు. మనిషికి రెండు లీటర్ల నీరు, అరటియాకు పొట్లములో ఉప్మా లేక పులిహోర. తిన్న ఆకును సంచిలోనే దింపి తేవలెను. కోతులున్నవి, చేతిలో తినుబండారము పట్టుకొని నడువరాదు. దారిలో అవ్వ వద్ద కొనునప్పుడు బేరమాడరాదు. ఇది వర్తకుడు చెప్పుచున్న మాటగా గమనింపుడు.

పేర్లు బుధవారములోపల కార్యాలయమున వ్రాయింపవలెను. బస్సు ఉదయము నాలుగున్నరకు సంఘ భవనము ముందునుండి బయలుదేరును. జారెడు చెప్పులతో వచ్చినవారిని ఎక్కించుకొనము. ఈ నియమము కార్యవర్గమువారికిని వర్తించును.