నలుగురితో నారాయణ



'నలుగురితో నారాయణ, గుంపులో గోవిందా' అంటారు పెద్దలు. భజనలో అయితే ఫరవాలేదు. బడి పిల్లలు నలుగురు చేరి గుట్కా నమిలితే? ఈ రోజు ముచ్చట అదే.

ఒక ఊళ్లో ఒక తల్లి. కూలికి పోతేనే పూట గడుస్తుంది. ఒక్కడే కొడుకు. తొమ్మిదో తరగతి. ఒకనాడు వాడు అన్నం ముందు కూర్చుని, "అమ్మా, పచ్చడి వద్దు. నోరు మండుతోంది" అన్నాడు. వేడి చేసిందేమో అనుకుంది తల్లి. మజ్జిగ పోసింది. వారం గడిచినా మంట తగ్గలేదు.

ఆదివారం బట్టలు ఉతుకుతుంటే వాడి చొక్కా జేబులో చిన్న ప్యాకెట్ దొరికింది. దానిమీద పుండు పడ్డ నోటి బొమ్మ ఉంది. ఆమె రాత్రి బడిలో కొత్తగా చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది. "పొ... గా... కు." గుండె గుభేలుమంది.

కొట్టడానికి చెయ్యెత్తింది. మళ్లీ దించేసింది. "ఎందుకు నాయనా ఇది?" అని అడిగింది.

వాడు తల వంచుకున్నాడు. "అందరూ వేసుకుంటున్నారమ్మా. వద్దంటే 'అమ్మకూచి' అని నవ్వుతారు. ఆటలోకి రానివ్వరు" అన్నాడు.

చూశారా! వాడు రుచి కోసం మొదలుపెట్టలేదు. స్నేహం పోతుందని మొదలుపెట్టాడు. ఆ వయసులో అమ్మానాన్నల మాటకంటే తోటివాళ్ల నవ్వే పెద్దది. అది వయసు తీరు.

గుట్కాలో పొగాకు, వక్క ఉంటాయి. పొగాకులోని నికోటిన్ నెత్తురులో కలుస్తుంది. మళ్లీ మళ్లీ కావాలనిపిస్తుంది. వక్క బుగ్గల లోపలి పొరను గట్టిపరుస్తుంది. ముందు కారం మండుతుంది. తర్వాత నోరు సరిగా తెరుచుకోదు. ముద్ద పెట్టుకోవడమే కష్టమవుతుంది. చివరికి క్యాన్సర్ కూడా రావచ్చు. పొగాకు లేని ఉత్త వక్కపొడి కూడా మంచిది కాదు. వక్క వల్ల కూడా క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ప్రకటించింది.

ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ల డాక్టరు వాడి మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమన్నాడు. రెండే పట్టాయి. "ఇప్పుడే మానాలి. లేకపోతే ముదురుతుంది" అన్నాడు.

తల్లి ఆలోచించింది. వీడొక్కణ్ణి మాన్పిస్తే గుంపు మళ్లీ లాగుతుంది. గుంపుతో వచ్చిన అలవాటు గుంపుతోనే పోవాలి. మిగతా ముగ్గురి ఇళ్లకూ వెళ్లింది. "మావాడు అట్లాంటివాడు కాదు" అని ఒకామె కోప్పడింది. "మీవాణ్ణి మూడు వేళ్లు నోట్లో పెట్టుకోమను వదినా" అంది తల్లి, అంతే. సాయంత్రానికి ఆమే వచ్చింది.

నలుగురు తల్లులూ బడి పక్క బడ్డీ కొట్టుకు పోయారు. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. ఇది 2003 నాటి చట్టం. తినే వస్తువుల్లో పొగాకు కలపకూడదని 2011 నాటి ఆహార నియమాలు చెబుతున్నాయి.

"పొట్టకూటి కోసం అమ్మా" అన్నాడు కొట్టు ముసలాయన.

"పప్పుండలు అమ్ము మామా, మేమూ కొంటాం. ఇది అమ్మితే మాత్రం పోలీసు స్టేషనుకు పోతాం" అన్నారు తల్లులు.

పిల్లలు ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. ఒకడు రెండుసార్లు తప్పాడు. మిగతా ముగ్గురూ నవ్వలేదు, వెలి వేయలేదు. పక్కనే కూర్చోబెట్టుకున్నారు. వాడూ మానాడు. తోటివాళ్ల బలం చెడుకే కాదు, మంచికీ పనికొస్తుంది.

ఆ తల్లి కొడుకు ఇప్పుడు పచ్చడి కాస్త తింటున్నాడు. నోరు మాత్రం ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. డాక్టరు దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు.

ఆడవాళ్లు ఏకమవడం కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

అమ్మలారా! పిల్లల చేత బీడీలు, ఖైనీ తెప్పించకండి. వాళ్ల స్నేహితులను ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టండి. ఎవరితో తిరుగుతున్నారో తెలుస్తుంది. "వద్దురా, నాకు పడదు" అని చెప్పడం ఇంట్లోనే నేర్పండి. మానడం కష్టమైతే 1800-11-2356కు ఫోన్ చేయండి. డబ్బు పడదు.

ఈ రాత్రే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మూడు వేళ్లు నోట్లో పెట్టి చూడమనండి. తిట్టకుండా అడగండి. చెబుతారు.