తెల్లవారుజామున పరుగెత్తే వారికి ఏం పెట్టాలి?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రంతా మీవాళ్ళ మంచం పక్కన మేలుకొని ఇక్కడికి వచ్చారు. కనుక ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఇంటికి వెళ్ళాక మీకు పనికివచ్చే ఒక్క విషయం చెబుతాను.

కొంతకాలం క్రితం తెల్లవారి ఆరు గంటలకు ఒకాయనను ఆటోలో పడుకోబెట్టుకొని తీసుకువచ్చారు. వయసు యాభై దాటింది. ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు. ఆయన కొడుకు పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం రోజూ తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో పరుగెత్తుతున్నాడు. "నాన్నా, నువ్వూ రా, షుగర్ తగ్గుతుంది" అని తండ్రిని కూడా తీసుకువెళ్ళాడు. మంచి ఆలోచనే. కానీ తండ్రి ఇంట్లో ఇన్సులిన్ వేసుకొని, టిఫిన్ తిరిగి వచ్చాక తినవచ్చులే అనుకొని బయలుదేరాడు. మూడో రౌండులో అడుగులు తడబడ్డాయి, మాట ముద్దగా వచ్చింది. చూసినవాళ్ళు తాగి వచ్చాడనుకున్నారట. మేము పరీక్ష చేస్తే రక్తంలో గ్లూకోజు 38 మాత్రమే ఉంది. నరానికి గ్లూకోజు ఎక్కించాక కొద్ది నిమిషాల్లో కళ్ళు తెరిచాడు.

అప్పుడు ఆయన భార్య అన్న మాట నేను మరచిపోలేను. "అబ్బాయికి అరటిపండు పెట్టి పంపానండీ. ఈయనకు షుగర్ కదా, ఏమీ పెట్టకూడదనుకున్నాను" అంది. ఆ తల్లిని తప్పుపట్టలేము. ఇన్సులిన్ రాసి ఇచ్చినప్పుడే మేము ఆ సంగతి చెప్పి ఉండవలసింది. అందుకే ఈ రోజు మీకు చెబుతున్నాను.

నిద్రలో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం, రొట్టె, ఇడ్లీ అన్నీ కడుపులో అరిగి గ్లూకోజుగా మారతాయి. వెంటనే అవసరం లేని గ్లూకోజును శరీరం గ్లైకోజన్ అనే రూపంలో రెండు చోట్ల దాచుకుంటుంది. కండరాలలో సుమారు 300 నుండి 400 గ్రాములు, కాలేయంలో సుమారు 80 నుండి 100 గ్రాములు ఉంటుంది. కండరంలో ఉన్నది ఆ కండరానికే పనికివస్తుంది, రక్తంలోకి రాదు. రక్తంలోకి గ్లూకోజును వదలగలిగేది ముఖ్యంగా కాలేయమే. మనం నిద్రపోయినా మెదడు నిద్రపోదు. దానికి రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. రాత్రి ఎనిమిదింటికి తిని ఉదయం ఐదింటికి లేచేసరికి తొమ్మిది గంటలు గడుస్తాయి. అప్పటికి కాలేయంలోని నిల్వ చాలావరకు ఖర్చయిపోతుంది.

గాదెలో ధాన్యం నిండుగా ఉన్నా వంటింటి డబ్బాలో బియ్యం అడుగంటితే ఎలా ఉంటుందో, తెల్లవారుజామున మన శరీరం అలా ఉంటుంది. కాళ్ళలో బలం ఉంటుంది, కళ్ళు మాత్రం తిరుగుతాయి.

ఆరోగ్యంగా ఉన్న వ్యక్తి ఇరవై, ముప్పై నిమిషాలు మెల్లగా పరుగెత్తడానికి మంచినీళ్ళు తాగి వెళ్ళినా ఇబ్బంది ఉండదు. గంటసేపు పరుగెత్తేవారికి, 1600 మీటర్లు గడియారం పెట్టుకొని వేగంగా పరుగెత్తేవారికి కొంచెం ఆహారం కావాలి. ఖాళీ కడుపుతో పరుగెత్తితేనే కొవ్వు కరుగుతుందని కొందరు అంటారు. ఆ కాసేపు కొవ్వు కొంచెం ఎక్కువ ఖర్చయ్యే మాట నిజమే. కానీ బరువు తగ్గడం, తగ్గకపోవడం రోజు మొత్తంలో ఎంత తిన్నాం, ఎంత కష్టపడ్డాం అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

రాత్రి భోజనం మానవద్దు

ఉదయం పరుగుకు బలం ముందు రోజు రాత్రి భోజనం నుండే వస్తుంది. ఒళ్ళు తేలికగా ఉంటుందని రాత్రి అన్నం మానేసే పిల్లలు ఉన్నారు. మరికొందరు రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని, ఐదింటికి లేచి పరుగెత్తి వాంతి చేసుకుంటారు. రెండూ మంచివి కావు. ఎనిమిది గంటలలోపు అన్నం లేదా రొట్టె, పప్పు, ఒక కూర, వీలైతే గుడ్డు, చివర పెరుగు లేదా మజ్జిగ తింటే చాలు. నూనె, మసాలా, కారం ఎక్కువగా ఉన్నవి ఆ పూటకు తగ్గించండి.

లేచిన తరువాత

సమయాన్ని బట్టి ఆహారం ఉండాలి. పరుగుకు అరగంట కంటే తక్కువ వ్యవధి ఉంటే ఒక అరటిపండు చాలు. మధ్యరకం పండులో సుమారు 25 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. అరటిపండు లేకపోతే రెండు మూడు ఖర్జూరాలు, లేదా ఒక బ్రెడ్డు ముక్క, లేదా మూడు నాలుగు మామూలు బిస్కెట్లు సరిపోతాయి. గంట సమయం ఉంటే ఒక గ్లాసు పలుచని రాగిజావ, లేదా రెండు చిన్న ఇడ్లీలు తినవచ్చు. కడుపునిండా టిఫిన్ చేస్తే రెండు మూడు గంటలు ఆగాలి.

పరుగుకు ముందు వడ, పూరీ, పెసరట్టు ఉప్మా వద్దు. నూనె ఉన్నవి కడుపులో చాలాసేపు నిలుస్తాయి. వేరుశెనగలు మంచివే, కానీ వాటిని తిరిగి వచ్చాక పెట్టండి. పాలు కొందరికి పడతాయి, కొందరికి కడుపు ఉబ్బరిస్తుంది. ఉదయం ఏమీ తినడం అలవాటు లేనివారు సగం పండుతో మొదలుపెడితే వారం పది రోజులలో కడుపు అలవాటు పడుతుంది.

నీళ్ళు, ఉప్పు

లేవగానే ఒకటిన్నర గ్లాసు నీళ్ళు కొంచెం కొంచెంగా తాగాలి. మూత్రం పలుచని నిమ్మరసంలా ఉంటే నీళ్ళు సరిపోయినట్టు. టీ డికాషన్‌లా చిక్కగా ఉంటే తక్కువైనట్టు. పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకొని ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు చెమట పోయిందని లెక్క.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఎక్కువసేపు పరుగెత్తినప్పుడు వట్టి నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం తగ్గి మనిషి అయోమయంలో పడవచ్చు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, లేదా ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మనీళ్ళు మేలు. అయితే బి.పి., గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన హద్దు దాటకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్ళు కూడా మంచిది కాదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

తిరిగి వచ్చాక

గంటలోపు తినాలి. ఖర్చయిన గ్లైకోజన్ తిరిగి నిండటానికి పిండి పదార్థం, అలసిన కండరాలకు మాంసకృత్తులు కావాలి. ఇందుకు డబ్బాలలో అమ్మే పొడులు కొనవలసిన పని లేదు. మజ్జిగ పోసిన చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, ఒక ఉడికించిన గుడ్డు ఉంటే మంచి ఆహారమే. ఇడ్లీ సాంబారు, పెసరట్టు, మొలకెత్తిన పెసలు, గుప్పెడు వేరుశెనగలు, ఏది వీలైతే అది పెట్టండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల వేరుశెనగపప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

సెలక్షన్లకు తయారయ్యే ఆడపిల్లలు ఉంటే ఒక మాట. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. కొంచెం పరుగెత్తగానే ఆయాసం, గుండెదడ వస్తుంటే బద్ధకం అనుకొని కోప్పడవద్దు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆకుకూరలు, సజ్జలు, మాంసం తినేవారైతే కాలేయం పెట్టండి. భోజనంలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఒంటబట్టదు, గంట ఆగాలి.

షుగర్ ఉన్నవారు ఇంట్లో ఉంటే

ఇక అసలు సంగతికి వస్తాను. షుగర్ వ్యాధి ఉన్నవారికి నడక, మెల్లని పరుగు చాలా మంచివి. కానీ ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు మందు వేసుకొని, ఏమీ తినకుండా వెళ్ళకూడదు. మందు ఒకవైపు, పరుగు మరొకవైపు గ్లూకోజును తగ్గిస్తాయి. అప్పటికే కాలేయంలో నిల్వ తక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా తక్కువ. మీవారు వాడేది ఏ రకమో ఇక్కడి నుండి వెళ్ళేలోపు తప్పక అడిగి తెలుసుకోండి.

ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే బయలుదేరే ముందు చూడండి. ఇన్సులిన్ లేదా పైన చెప్పిన మాత్రలు వాడేవారికి 90 కంటే తక్కువ ఉంటే ముందు ఒక అరటిపండో, నాలుగు బిస్కెట్లో తినిపించి, కాసేపాగి మళ్ళీ చూసి పంపండి. 70 కంటే తక్కువ ఉంటే ఆ రోజు పరుగు వద్దు. 250 దాటి ఉండి, నీరసం, వాంతులు, కడుపునొప్పి ఉన్నా పంపవద్దు, ఆస్పత్రికి తీసుకురండి. పరుగెత్తే రోజు ఇన్సులిన్ తొడకు వేసుకోవద్దు, పరుగు వలన మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. పొట్టకు వేసుకోవడం మేలు. మోతాదు ఎంత తగ్గించాలి, ఏ వేళకు మార్చాలి అన్నది డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు మార్చవద్దు, మానవద్దు.

గ్లూకోజు పడిపోతున్నప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు, మాట తడబాటు కనిపిస్తాయి. బి.పి.కి అటెనోలాల్ వంటి మాత్రలు వాడేవారిలో దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమటలు మాత్రం పడతాయి. ఈ గుర్తులు కనబడితే వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ నీళ్ళలో కలిపి తాగించండి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్ష చేసి, ఇంకా 70 లోపు ఉంటే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక టిఫిన్ పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్ళు గానీ, మరేదైనా గానీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. పరుగెత్తిన రోజు చాలా గంటల తరువాత, రాత్రి నిద్రలో కూడా గ్లూకోజు పడిపోవచ్చు. ఆ రాత్రి భోజనం తప్పనివ్వవద్దు.

ఛాతీలో నొప్పి, బిగుతు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి వస్తే అది ఆహారం సంగతి కాదు. వెంటనే ఆగి ఆస్పత్రికి రావాలి. నలభై దాటిన వారు, షుగర్, బి.పి. ఉన్నవారు పరుగు మొదలుపెట్టే ముందే ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి.

సెలక్షన్ రోజున

2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల పరుగు పరీక్షల సమయంలో పదిమందికి పైగా యువకులు చనిపోయారు. అప్పుడు అక్కడ గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తవలసి ఉండేది. అలాంటి మరణాలకు ఆహారం ఒక్కటే కారణమని నేను అనడం లేదు. కానీ ఎండలో గంటల తరబడి వరుసలో నిలబడి, తిండి, నీళ్ళు లేకుండా ప్రాణం పెట్టి పరుగెత్తడం ఎంత ప్రమాదమో తల్లిదండ్రులుగా మనం తెలుసుకోవాలి. పిల్లవాడి సంచిలో రెండు సీసాల నీళ్ళు, అరటిపండ్లు, ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం పెట్టి పంపండి. అలసట తెలియనివ్వదంటూ ఎవరైనా ఇచ్చే మాత్ర, ఇంజెక్షన్, ఎనర్జీ డ్రింకు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. జ్వరం, విరేచనాలు ఉంటే పరుగు వద్దనండి. ఉద్యోగానికి మళ్ళీ ప్రయత్నించవచ్చు.

ఇవన్నీ గుర్తుండకపోతే రెండు పనులు చేయండి. రాత్రి పడుకునే ముందు అబ్బాయి బూట్ల దగ్గర ఒక అరటిపండు ఉంచండి. నాన్నగారి చొక్కా జేబులో ఒక గ్లూకోజు పొట్లం, ఆయన వాడే మందుల పేర్లు, మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. నేను మొదట చెప్పిన ఆయన ఇప్పటికీ కొడుకుతో కలిసి గ్రౌండుకు వెళ్తున్నారు. డాక్టరు మందు వేళ మార్చారు. ఇప్పుడు ఆ అమ్మ ఇద్దరికీ పెట్టి పంపుతోంది.

 మీ ఇంట్లో ఎవరు ఏ మందు వాడుతున్నారో చీటీ తెచ్చినవారు ముందుకు రండి, ఒక్కొక్కరికీ చూసి చెబుతాను.