పడుకునే జాగ దగ్గరే సభ మొదలైతది

(హన్మకొండలో జరిగే రెండు రోజుల సాహితీ సభల కోసం ఏర్పడ్డ వసతి కమిటీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక కమిటీలో ఉంటమని ఇరవై చేతులు లేచినయి. వసతి కమిటీకి వచ్చింది మీరు ఏడుగురు. అయినా సభ మీ చేతుల్లోనే ఉన్నది. ఎవరు వస్తరో, ఎవరు రారో ఆహ్వాన పత్రిక తేల్చదు. రాత్రికి యాడ పండుకోవాలె అన్న సవాలే తేలుస్తది. ఆదిలాబాద్ నుంచో, పాలమూరు నుంచో వచ్చే మనిషి శనివారం పొద్దుటి సభకు అందాలంటే శుక్రవారమే బయలెల్లాలె. జాగ లేదంటే ఆగిపోతడు. అప్పుడు సభలో మిగిలేది కారున్నోళ్లు, ఊర్లో చుట్టాలున్నోళ్లు.

మన సాహిత్య చరిత్రలో హాస్టల్‌కు పెద్ద పీట ఉన్నది. నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు 1943లో పుట్టింది హైదరాబాద్ రెడ్డి హాస్టల్‌లో. పల్లెల నుంచి సదువుకోను వచ్చిన పిల్లలకు తిండి, నీడ ఇచ్చిన జాగ అది. సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూసినోడే. ఆయనే 1926లో గోల్కొండ పత్రిక పెట్టిండు, 1934లో గోల్కొండ కవుల సంచికలో 354 మంది కవులను ఒక్కచోటికి తెచ్చిండు. 2009 డిసెంబర్‌లో ఉస్మానియా, కాకతీయ హాస్టళ్లు ఏం చేసినయో మీకు చెప్పే పని లేదు.

ఇగ పని సంగతి. మొదలు తారీఖు. పంచాంగం ముందట పెట్టుకోండ్రి. గట్టి ముహూర్తముంటే ఫంక్షన్ హాళ్లు, లాడ్జీలు రెండూ పోతయి. పోటీ పరీక్షలున్న ఆదివారం కూడా అంతే. రెండేండ్లకోసారి మేడారం జాతర వచ్చే మాఘమాసంలో ఈ ఊర్లో రూము అడుగుడే దండుగ. తర్వాత లెక్క. ఎందరు వస్తున్నరు, ఆడోళ్లు ఎందరు, మెట్లెక్కలేని పెద్దలెందరు, కాజీపేటలో దిగేదెవరు, వరంగల్‌లో దిగేదెవరు. ఫోన్ చేసి అడిగి రాసుకోండ్రి.

సెలవుల్లో సంక్షేమ హాస్టళ్లు ఖాళీగుంటయి. వార్డెన్ నోటిమాట సాలదు, అధికారి రాతపూర్వక అనుమతి తీసుకోండ్రి. పగలు చూసి రాకండ్రి, రాత్రి పోయి చూడండ్రి. నీళ్లొస్తున్నయా, లైట్లున్నయా, పాయఖాన తలుపుకు గొళ్లెమున్నదా. పరుపులు, దుప్పట్లు టెంట్ హౌస్ నుంచి తేవచ్చు. రచయిత్రులకు హాలులో ఓ మూల పరదా కట్టి వసతి అనకండ్రి. వేరే ఇల్లు, లోపలి గడియ, తోడుగ ఒక మహిళా కార్యకర్త ఉండాలె.

ఇండ్లల్లో దింపే సంగతి మాట్లాడే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలె. ఉద్యమం నడుస్తున్న కాలంలో ఒక సభకు నేనే వసతి చూసిన. ఒకింటాయన ఇద్దరు కవులను ఉంచుకుంటనన్నడు. సాయంత్రం పేర్లు చెప్తే, ఒకరి గురించి ‘ఆయన ఏమోళ్లు’ అని అడిగిండు. నేను కొట్లాడలేదు. సభ నడవాలె గదా అని ఆ కవిని చప్పుడు చేయకుంట ఇంకో ఇంటికి మార్చిన. తెల్లారి ఆయన నన్నొక్కటే అడిగిండు, ‘అన్నా, నన్ను మార్చినవా, ఆ ఇంటిని మార్చినవా?’ నా దగ్గర జవాబు లేకుండె. ఆత్మగౌరవం మీద ఆ సభలోనే మూడు ఉపన్యాసాలైనయి. మార్చాల్సింది ఆ ఇంటిని. కులం అడిగిన ఇంటి పేరు జాబితాలో నుంచి ఆ క్షణమే కొట్టేయండ్రి. అవసరమైతే అందరం హాస్టల్‌లో కిందనే పండుకుందాం.

ఇంకో మాట. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. అప్పటి సంది ఉచితంగ రూములిస్తమనేటోళ్లు ఎక్కువైనరు. ఒక నాయకుడు లాడ్జి మొత్తం బుక్ చేస్తనంటడు. తెల్లారేసరికి వేదిక మీద ఆయన ఫ్లెక్సీ ఉంటది, మధ్యాహ్నానికి మైకు ఆయన చేతికి పోతది, సాయంత్రానికి ఏ కవిత చదువద్దో కూడా ఆయన మనుషులే చెప్తరు. ఉద్యోగ మిత్రులు తలా ఇంత వేసుకుంటే వచ్చే చాప, దిండు మనకు సాలు. తలా ఒక ఇల్లు, ఒక రాత్రి, ఇద్దరు అతిథులు. ఎవరికీ భారం కాదు, ఎవరికీ బాకీ పడం.

సభకొచ్చిన మనిషి ఉపన్యాసం మరువొచ్చు. రాత్రి పన్నెండింటికి స్టేషన్ కాడికి వచ్చి సంచి అందుకున్న పిలగాన్ని మరువడు. ఆ పిలగాడు మీరు కావాలె.

జై తెలంగాణ!